అరవై పోరాటాల్లో గెలిచి, ఎందుకు గెలిచానా అని ఆలోచించిన మియమోతో ముసాషి

మనలో చాలామంది ఇళ్ళలో పిల్లలు వారానికి రెండు మూడు రోజులు కరాటేకో, టైక్వాండోకో వెళ్తున్నారు. తమిళనాడులో ఉన్నవాళ్ళ పిల్లలు సిలంబం నేర్చుకుంటున్నారు. కర్ణాటకలో గరడి మనె, మహారాష్ట్రలో తాలీం, ఒడిశాలో పైకా ఆఖడా, మన కర్రసాము... మనం తరతరాలుగా స్థిరపడ్డ చోట్లన్నిటా ఏదో ఒక రూపంలో ఈ విద్య కనిపిస్తుంది. పిల్లలకు బెల్టులు వస్తాయి, పతకాలు వస్తాయి, ఫొటోలు తీసి బంధువులకు పంపుకుంటాం. కానీ ఒక సందేహం మాత్రం మనసులో ఉండిపోతుంది. రేపు నిజంగా ఎవడైనా మీదికి వస్తే ఈ పిల్లకి చేయి లేస్తుందా?

ఈ సందేహం న్యాయమైనదే. తరగతిలో ఎదుటివాడు మనకు తెలిసినవాడు. దెబ్బ ఎటు నుంచి వస్తుందో ముందే తెలుసు. ఆపమంటే ఆపుతాడు. వీధిలో అవేవీ ఉండవు. గుండె దడదడలాడుతుంది, వేళ్ళు వణుకుతాయి, చూపు ఒక్కచోట బిగుసుకుపోతుంది. నేర్చుకున్న దెబ్బలన్నీ ఒంట్లోనే ఉంటాయి, మనసు వాటిని బయటికి రానివ్వదు.

నేర్చిన విద్య అసలు సమయంలో పనికి రావాలంటే మనసును ఎలా సిద్ధం చేయాలన్న ప్రశ్నకు ఒక జీవితమంతా వెచ్చించిన మనిషి జపాన్‌లో ఉన్నాడు. పేరు మియమోతో ముసాషి. చనిపోయింది 1645లో. ఆయన మీద నవలలు, సినిమాలు ఎన్నో వచ్చాయి. వాటిలో కల్పన ఎక్కువ. ఈ వ్యాసంలో ఆయన స్వయంగా రాసుకున్నది, పాత శాసనంలో ఉన్నది, తర్వాతివాళ్ళు చెప్పుకున్న కథ వేటికవి విడదీసి చెబుతాం.

పదమూడేళ్ళకు మొదటి పోరు

ముసాషి 1584 ప్రాంతంలో పుట్టాడు. తాను హరిమా ప్రాంతపు యోధుణ్ణని ఆయనే రాసుకున్నాడు. పక్కనే ఉన్న మిమసాకా ప్రాంతంవాళ్ళు మా ఊరివాడేనంటారు. ఆ తగవు ఇప్పటికీ తీరలేదు. తండ్రి షిన్మెన్ మునిసాయ్ కూడా ఆయుధ విద్యలో పేరున్నవాడు. జిత్తె అనే ఇనుప ఆయుధం వాడటంలో దిట్ట.

అప్పటి జపాన్ వంద సంవత్సరాలకు పైబడిన యుద్ధాల నుంచి బయటపడుతోంది. 1600లో సెకిగహారా యుద్ధం జరిగింది. 1603లో తొకుగవా ఇయెయసు షోగన్ అయ్యాడు. దేశం మెల్లగా ప్రశాంతతలోకి వచ్చింది. యుద్ధాలు తగ్గేసరికి వేలమంది సమురాయ్‌లకు ప్రభువు లేడు, జీతం లేదు. కత్తి పట్టుకుని ఊరూరా తిరిగి, పేరున్నవాళ్ళతో తలపడి, ఆ పేరుతో కొలువు సంపాదించుకోవడమే చాలామందికి మిగిలిన దారి. ముసాషి ఆ దారిలోనే నడిచాడు.

ఆయన రాసుకున్న ప్రకారం మొదటి ద్వంద్వ యుద్ధం పదమూడో ఏట. ఎదుటివాడు షింతో సంప్రదాయానికి చెందిన అరిమా కిహేయి అనే పెద్దవాడు. పదహారో ఏట తజిమా ప్రాంతానికి చెందిన అకియమా అనే బలశాలిని గెలిచాడు. ఇరవై ఒకటో ఏట రాజధాని క్యోటో చేరాడు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది ఏళ్ళు వచ్చేసరికి అరవైకి పైగా పోరాటాలు చేశాడు. ఒక్కదాంట్లో కూడా ఓడలేదు. వాటిలో అనేకం ప్రాణం పోయేవే. ఇందులో మెచ్చుకోవలసింది ఎంత ఉందో, బాధపడవలసింది అంతే ఉంది. పదమూడేళ్ళ పిల్లవాడి చేత ఆయుధం పట్టించిన కాలం అది.

క్యోటోలో యొషియొకా కుటుంబంతో

క్యోటోలో యొషియొకా కుటుంబం అంటే కత్తి విద్యకు పెట్టింది పేరు. ముసాషి చనిపోయిన తొమ్మిదేళ్ళకు, 1654లో, ఆయన దత్తపుత్రుడు ఇయోరి కొకురా పట్టణంలో ఒక రాతి శాసనం నిలబెట్టాడు. అందులో ఉన్న వివరం ఇది. మొదట ఆ ఇంటి పెద్ద సెయిజూరో ముసాషితో తలపడి, కర్రకత్తి ఒక్క దెబ్బకు పడిపోయాడు. తర్వాత తమ్ముడు దెన్షిచిరో పెద్ద కర్రకత్తితో వచ్చాడు. ముసాషి దాన్ని లాక్కుని దానితోనే కొట్టాడు. చివరికి శిష్యులు విల్లంబులు, ఆయుధాలు పట్టుకుని గుంపుగా వచ్చారు. ముసాషి ఒంటరిగా వాళ్ళను చెదరగొట్టాడు. ఇది కొడుకు వేయించిన శాసనం కాబట్టి తండ్రి గొప్ప కొంచెం ఎక్కువగానే ఉండొచ్చు. యొషియొకా వైపు వాళ్ళ కథనం వేరేగా ఉంది.

ఈ మూడో పోరాటం గురించి తర్వాతి కాలంలో ఒక కథ పుట్టింది. ముసాషి ఆ రాత్రి ఒంటరిగా వెళ్తుండగా దారిలో ఒక గుడి కనిపించిందట. గెలిపించమని మొక్కుకుందామని చేయి చాచి, ఆగిపోయాడట. రోజూ రాని భక్తి ఇవాళే ఎందుకు వచ్చింది, ఇది భయమే కదా అనుకుని, నమస్కారం మాత్రం పెట్టి కోరిక కోరకుండా వెళ్ళాడట. నిజంగా జరిగిందో లేదో చెప్పలేం. అయితే దేవుళ్ళను గౌరవించాలి, వాళ్ళ మీద ఆధారపడకూడదన్న మాట ముసాషి చివరి రోజుల్లో రాసిన నియమాల్లో ఉంది. తనలో భయం ఏ వేషంలో వస్తోందో గుర్తుపట్టడం మనసుకు మొదటి శిక్షణ అని ఆ కథ చెప్పినవాళ్ళకు తెలుసు.

ద్వీపంలో కోజిరో

అందరికీ తెలిసిన పోరాటం 1612 నాటిదని చెబుతారు. క్యూషూకూ హోన్షూకూ మధ్య జలసంధిలో ఒక చిన్న ద్వీపం. ఎదుట సాసాకి కోజిరో. చేతిలో దాదాపు మూడు అడుగుల పొడవాటి కత్తి. సినిమాల్లో ముసాషి గంటల తరబడి ఆలస్యంగా వస్తాడు. పడవలో కూర్చుని తెడ్డును చెక్కి పొడవాటి కర్రకత్తి చేసుకుంటాడు. ఎదురుచూసి చూసి కోజిరోకు ఒళ్ళు మండిపోతుంది. ఆ కోపంలో కత్తి దూసి ఒరను విసిరేస్తాడు. ఒరతో ఇక పని లేదనుకున్నవాడు అప్పుడే ఓడిపోయాడని ముసాషి అంటాడు.

కథ బాగుంది. కానీ ఈ ఆలస్యం సంగతి వంద సంవత్సరాలకు పైగా గడిచాక రాసిన పుస్తకాల్లోనే కనిపిస్తుంది. అన్నిటికంటే పాతదైన కొకురా శాసనంలో ఇద్దరూ ఒకే సమయానికి వచ్చారని ఉంది. కర్రకత్తి దెబ్బతో ముసాషి గెలిచాడన్న సంగతి మాత్రం అందులోనూ ఉంది. ఇంకో విశేషం, తన పుస్తకంలో ముసాషి కోజిరో పేరే ఎత్తలేదు. లోకం అంతా చెప్పుకునే గెలుపు ఆయనకు రాసుకోదగ్గదిగా అనిపించినట్టు లేదు.

ముప్ఫై దాటాక వచ్చిన ప్రశ్న

అసలు కథ ఇక్కడే మొదలవుతుందని మేం అనుకుంటాం. ముప్ఫై ఏళ్ళు దాటాక ముసాషి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఇంతమందిని గెలిచాను కదా, విద్య లోతు తెలిసే గెలిచానా అని తనను తాను అడిగాడు. లేదని ఆయనకు తేలింది. పుట్టుకతో వచ్చిన చురుకుదనం వల్ల కావచ్చు, కాలం కలిసొచ్చి కావచ్చు, ఎదుటివాళ్ళ విద్యలో లోపం వల్ల కావచ్చు అని రాసుకున్నాడు. అరవై గెలుపుల తర్వాత ఇలా రాసుకోవడానికి చాలా ధైర్యం కావాలి.

అక్కడి నుంచి ఉదయం, సాయంత్రం సాధన చేస్తూ పోయాడు. ఆ విద్య సారం అంతుపట్టేసరికి యాభై ఏళ్ళు వచ్చాయి. అంటే పోరాటాలు పదిహేనేళ్ళు, వాటి అర్థం వెతకడానికి మరో ఇరవై ఏళ్ళు. ఈ మధ్యకాలంలో ఆయన బొమ్మలు వేశాడు, అందమైన దస్తూరితో రాశాడు, చెక్కపని, లోహపు పని చేశాడు. ఎండిన కొమ్మ మీద కూర్చున్న పిట్ట బొమ్మ ఒకటి ఇజుమి నగరంలోని కుబోసో మ్యూజియంలో ఉంది. పొడవాటి కొమ్మ ఒక్క గీతలో పైకి లేస్తుంది. ఆ గీత వేసిన చేయి ఎక్కడా తడబడలేదు.

1637–38లో షిమబరాలో రైతులు, క్రైస్తవులు తిరుగుబాటు చేశారు. ప్రభుత్వ సేనల వైపు ముసాషి కూడా వెళ్ళాడు. అప్పటికి యాభై దాటాయి. కోట గోడ మీద నుంచి వచ్చిన రాయి కాలికి తగిలి నిలబడలేకపోయానని ఆయనే ఒక ఉత్తరంలో రాశాడు. జీవితంలో ఓడని కత్తిమనిషిని ఒక రాయి కూలదోసింది. ఎంత నేర్చినవాడికైనా ఇది తప్పదని, దాచుకోకుండా రాయడంలోనే ఆయన మనసు ఎలాంటిదో తెలుస్తుంది.

గుహలో రాసిన పుస్తకం

1640లో కుమమోతో ప్రభువు హొసొకవా తదతోషి ఆయనను అతిథిగా పిలిచి ఆదరించాడు. మరుసటి ఏడాదే ఆ ప్రభువు చనిపోయాడు. 1643 శరదృతువులో, జపాన్ లెక్క ప్రకారం అరవయ్యో ఏట, ముసాషి కుమమోతోకు పశ్చిమాన కొండల్లో ఉన్న రెయిగాందో అనే గుహ చేరాడు. అక్కడ రాయడం మొదలుపెట్టిన పుస్తకం గోరిన్ నో షో. అందులో భాగాలు ఐదు: భూమి, నీరు, అగ్ని, గాలి, శూన్యం. మన పంచభూతాలే ఇవి. బౌద్ధంతో పాటు మన దేశం నుంచి అక్కడికి వెళ్ళాయి. కానీ పాత శాస్త్రాల మాటలు అరువు తెచ్చుకోకుండా తనకు తెలిసింది తన మాటల్లోనే చెబుతానని ముసాషి మొదట్లోనే తేల్చేశాడు.

పుస్తకంలో దెబ్బలు, అడుగుల గురించి ఉంది. అంతకంటే ఎక్కువగా మనసు గురించి ఉంది. మన పిల్లలకు పనికొచ్చే నాలుగైదు సంగతులు చూద్దాం.

మొదటిది, మామూలు మనసు. పోట్లాట కోసం ప్రత్యేకంగా ఒక మనసు తయారు చేసుకోకూడదంటాడు. అన్నం తినేటప్పుడు, దారిన నడిచేటప్పుడు ఎలా ఉందో కత్తి ఎదుట కూడా అలాగే ఉండాలి. మరీ బిగుసుకోకూడదు, మరీ వదులుగా ఉండకూడదు. ఒళ్ళు కదలకుండా ఉన్నప్పుడు మనసు నిద్రపోకూడదు, ఒళ్ళు వేగంగా కదిలేటప్పుడు మనసు పరుగెత్తకూడదు. చెప్పడానికి సులువే. కానీ అసలు సమయంలో మామూలు మనసు కావాలంటే, మామూలు రోజుల్లోనే దాన్ని సరిదిద్దుకోవాలి. రోజంతా చిన్నచిన్నవాటికి చిరాకుపడే మనిషి ఆపద వచ్చినప్పుడు ఒక్కసారిగా నిబ్బరంగా మారిపోడు.

రెండోది, చూపు. భయం వేస్తే చూపు ఎదుటివాడి చేతికో, కత్తి మొనకో అతుక్కుపోతుంది. ముసాషి రెండు రకాల చూపుల గురించి చెప్పాడు. ఒకటి కంటితో చూడటం, రెండోది మనసుతో గ్రహించడం. రెండోది బలంగా ఉండాలి, మొదటిది దాని కింద ఉండాలి. దూరాన ఉన్నదాన్ని దగ్గరగా, దగ్గర ఉన్నదాన్ని దూరంగా చూడగలగాలి. కనుగుడ్లు తిప్పకుండానే రెండు పక్కలా ఏముందో తెలుసుకోవాలి. కంగారులో ఉన్నప్పుడు ఇది రాదు, అందుకే రోజూ అలవాటు చేసుకోమన్నాడు. బస్‌స్టాండులో నిలబడి ఫోన్‌లో తల దూర్చే బదులు చుట్టూ ఎవరున్నారో, దారులు ఎటున్నాయో గమనించడం కూడా ఈ సాధనే.

మూడోది, ఒక్కటే ఉద్దేశం. కత్తి పట్టాక దెబ్బ కాచుకుందామా, తాకిద్దామా, పక్కకు నెడదామా అని ఆలోచిస్తూ కూర్చుంటే అసలు పని జరగదంటాడు. చేసే ప్రతి కదలికా ఒకే లక్ష్యం వైపు పోవాలి. ఆయన కాలంలో ఆ లక్ష్యం ఎదుటివాణ్ణి నరకడం. ఈ రోజు మన పిల్లకు ఆ లక్ష్యం క్షేమంగా ఇంటికి చేరడం. పట్టు విడిపించుకోవడం, అరవడం, తోయడం, పరుగెత్తడం అన్నీ ఆ ఒక్కదాని కోసమే అని ముందే మనసులో గట్టిగా ఉంటే, ఏం చేయాలో తేల్చుకోలేక నిలబడిపోయే క్షణం తగ్గుతుంది.

నాలుగోది, ఎదుటివాడి స్థానంలో నిలబడటం. ఒక ఇంట్లో దూరి తలుపు వేసుకున్న దొంగను బయటివాళ్ళు మహా బలవంతుడనుకుని భయపడతారు. వాడి వైపు నుంచి చూస్తే లోకమంతా తన మీదికి వచ్చిందని వణికిపోతుంటాడు. ముసాషి ఇచ్చిన ఉదాహరణే ఇది. మనం ఎదుటివాణ్ణి మనసులో ఉన్నదానికంటే పెద్దగా చేసేసుకుంటాం. సగం ఓటమి అక్కడే ఉంది. ఎదుటివాడికీ ఊపిరి ఆడదు, వాడికీ భయం ఉంటుందని తెలిస్తే మన చేతికి ప్రాణం వస్తుంది. అలాగని తక్కువ అంచనా వేయమని ఆయన చెప్పలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమన్నాడు.

ఐదోది, పట్టుకుని వేలాడకపోవడం. ఒకే ఎత్తు రెండుసార్లు వేయాల్సి రావచ్చు, మూడోసారి మాత్రం వద్దన్నాడు. ఎదుటివాడు కొండ అనుకుంటే సముద్రంలా, సముద్రం అనుకుంటే కొండలా మారిపోవాలి. కదలని చేయి చచ్చిన చేయి, కదిలేది బతికిన చేయి అన్నది ఆయన పాఠం. తరగతిలో నేర్పిన క్రమం తప్పగానే చేతులెత్తేసే పిల్లలకు కావలసింది ఈ పాఠమే.

అమ్మకానికి పెట్టిన విద్య

గాలి అనే భాగంలో ముసాషి తక్కిన విద్యాలయాలను విమర్శించాడు. కొందరు పొడవాటి కత్తినే నమ్ముకుంటారు, కొందరు లెక్కలేనన్ని ఎత్తులు నేర్పి శిష్యులను అబ్బురపరుస్తారు. విద్యను సరుకులా అలంకరించి అమ్ముకుంటున్నారని, చెట్టుకు కాయ కంటే పువ్వు ఎక్కువైందని ఆయన బాధ. నాలుగు వందల ఏళ్ళ కిందటి మాట ఇది. నెలకో బెల్టు పరీక్ష, ప్రతి పరీక్షకూ ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఈ మాట కొత్తగా ఏమీ అనిపించదు. పిల్లల్ని చేర్పించే ముందు గురువు ఎన్ని ఎత్తులు నేర్పుతారని కాకుండా, ఒత్తిడిలో ఎలా సాధన చేయిస్తారని అడగడం మంచిది. అలుపు వచ్చాక చేయిస్తారా, ముందుగా చెప్పని దెబ్బకు జవాబివ్వమంటారా, ఎప్పుడు తప్పుకోవాలో నేర్పుతారా?

సాధనకు ముసాషి చెప్పిన కొలత వెయ్యి రోజులు, పదివేల రోజులు. వెయ్యి రోజులంటే దాదాపు మూడేళ్ళు, పదివేల రోజులంటే ఇరవై ఏడేళ్ళకు పైనే. ముప్ఫై నుంచి అరవై దాకా తాను నడిచిన దూరం కూడా దాదాపు అంతే.

చివరి రోజులు

1645 వసంతానికి ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతింది. చనిపోవడానికి వారం ముందు, పాత జపాన్ పంచాంగం ప్రకారం ఐదో నెల 12న, పుస్తకాన్ని శిష్యుడు తెరావో మగోనోజోకు అప్పగించాడు. అదే రోజు దొక్కోదో అనే చిన్న పత్రం రాశాడు. ఒంటరిగా నడిచే దారి అని దాని అర్థం. అందులో 21 నియమాలున్నాయి. రుచుల మీద ఆశ వద్దు, ఎవరి మీదా అసూయ వద్దు, చేసినదానికి పశ్చాత్తాపపడుతూ కూర్చోవద్దు వంటివి. కత్తి ఎలా తిప్పాలో ఒక్క మాట కూడా లేదు. ఐదో నెల 19న కన్నుమూశాడు.

1935 నుంచి 1939 దాకా యొషికవా ఎయిజీ అనే రచయిత ఆయన జీవితాన్ని ఒక దినపత్రికలో ధారావాహికగా రాశాక ముసాషి పేరు జపాన్‌లో ఇంటింటికీ చేరింది. దాని ఆధారంగా 1954లో ఇనగాకి హిరోషి తీసిన సినిమాకు అమెరికాలో గౌరవ ఆస్కార్ కూడా వచ్చింది. ముసాషి వేషం వేసింది మిఫునే తొషిరో. అక్కడి నుంచి ముసాషి ప్రపంచమంతటికీ వీరుడయ్యాడు. ఆ కీర్తి అంతా మొదటి ముప్ఫై ఏళ్ళ మీదే నిలబడి ఉంది.

మనకు కావలసింది ఆ తర్వాతి ముప్ఫై ఏళ్ళు. అరవైమందిని గెలిచాక కూడా తన గెలుపును నమ్మకుండా, మనసు ఎలా పనిచేస్తుందో ఓపికగా వెతికిన ముప్ఫై ఏళ్ళు అవి. ఆయనకు దొరికిన జవాబు కోపం పెంచుకోమనీ, పళ్ళు నూరమనీ చెప్పదు. రోజూ నడిచే నడకలో, చూసే చూపులో, మాట్లాడే మాటలో స్థిమితం ఉంటే ఆపద సమయంలో అదే తోడు వస్తుందంటుంది. కరాటే తరగతి వారానికి మూడు గంటలే. ఈ సాధన మాత్రం ఇంట్లో, బడిలో, రోడ్డు మీద మిగిలిన సమయమంతా చేసుకోవచ్చు, ఫీజు లేదు. పిల్లలతో పాటు మనం కూడా మొదలుపెట్టవచ్చు.